జీసీఎస్ 8 అనగానే ట్యూబ్ వేసేయాలా, కాసేపు ఆగాలా?

నైట్ డ్యూటీలో జూనియర్లు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఇదే. దెబ్బ తగల్లేదు, స్పృహ లేదు, జీసీఎస్ 8, ట్యూబ్ వేసేద్దామా సార్? జీసీఎస్ అంటే స్పృహ ఎంత ఉందో చెప్పే గ్లాస్గో స్కోరు, పూర్తి స్పృహకు 15, అంకె తగ్గేకొద్దీ స్పృహ తగ్గినట్టు. ట్యూబ్ అంటే ఊపిరి ఆగకుండా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా శ్వాసనాళంలోకి వేసే గొట్టం. అడిగేసరికే ఆ ట్యూబ్ వేయడానికి గొంతులోకి చూసే లారింగోస్కోప్ చేతిలో ఉంటుంది. ఊపిరి, బీపీ, షుగర్, కనుపాపలు ముందు చూడాలని మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను: షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని అన్నం మానేసిన ఓ పెద్దావిడకు హడావుడిలో ట్యూబ్ వేశాక రక్తంలో షుగర్ (జీఆర్‌బీఎస్) చూస్తే 28 వచ్చింది. 25 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) ఎక్కించిన కాసేపటికి కళ్లు తెరిచి ట్యూబ్ పీక్కోబోయింది.

స్కోరు 8 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ట్యూబ్ వేయాలన్న ఈ లెక్క తలదెబ్బల వైద్యం నుంచి వచ్చింది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ ఆ స్కేలు తయారుచేసింది స్పృహ ఎంత ఉందో అందరూ ఒకే భాషలో చెప్పుకోవడానికి. తలలో రక్తం గడ్డకట్టినవాడికి గంట గడిస్తే పరిస్థితి దిగజారవచ్చు, తాగి పడిపోయినవాడికి గంట గడిస్తే సాధారణంగా మెరుగవుతుంది. ఇద్దరికీ స్కోరు 8 రావచ్చు.

ఆగడం వైపు నాకున్న గట్టి ఆధారం ఫ్రాన్స్‌లో జరిగిన నికో ట్రయల్, 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. విషం లేదా మత్తు వల్ల జీసీఎస్ 9 కన్నా తక్కువున్న 225 మందిని తీసుకుని, సగం మందికి వీలైనంతవరకూ ట్యూబ్ వేయకుండా ఆగారు, మిగతావాళ్ల విషయం డాక్టరు ఇష్టానికి వదిలేశారు. ఆగినవాళ్లలో 16 శాతానికే ట్యూబ్ పడింది, రెండోవైపు 58 శాతానికి. ఆసుపత్రిలో ఏ గుంపులోనూ ఒక్కరూ చనిపోలేదు. నిమోనియా కూడా ఆగినవాళ్లలోనే తక్కువ, 7 శాతం, అటువైపు 15.

అయితే ఆ అంకెలు తెచ్చి మన క్యాజువాల్టీలో అతికించేముందు ఆ పేషెంట్లు ఎవరో చూడాలి. ఎక్కువమంది మద్యం తాగినవాళ్లు. ఫిట్స్, షాక్, ఆయాసం ఉన్నవాళ్లనీ, మెదడులో ఏదో జరిగిందని అనుమానమున్నవాళ్లనీ తీసుకోలేదు. మనకు వచ్చేది పురుగుమందు తాగినవాడు, నోట్లో నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, కండరాల్లో సత్తువ లేదు. అక్కడ ఆగడం తప్పే, విరుగుడు అట్రోపిన్ ఇస్తూనే ట్యూబ్ వేయండి, కండరాలను సడలించే మందుల్లో సక్సినైల్‌కోలిన్ కాకుండా రోక్యురోనియంతో. కట్లపాము కాటైతే అది అసలు కోమానే కాకపోవచ్చు. నేలమీద పడుకున్న మనిషి తెల్లారి రెప్పలు ఎత్తలేక, చెయ్యి కదపలేక పడి ఉంటాడు, మనం మాట్లాడుకునేదంతా వింటూ ఉంటాడు. ట్యూబ్ ఆలస్యం చేయకండి, మంచం పక్కన నోరు జారకండి.

వెంటనే వేయడంలోనూ చిక్కులున్నాయి. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో, అంటే షుగర్ జబ్బులో రక్తంలో యాసిడ్ పేరుకుపోయినప్పుడు, వేగంగా ఊపిరి తీస్తూ తన యాసిడ్‌ని తనే బయటికి తోసుకుంటున్న పేషెంటుకు మత్తిచ్చి, వెంటిలేటర్‌లో నిమిషానికి 14 ఊపిర్లే పెడితే గుండె ఆగిపోవచ్చు. రోక్యురోనియం ఇచ్చాక గంట దాకా ఏ చెయ్యి కదులుతోందో, ఏ కాలు పడిపోయిందో తెలియదు. మందు ఇచ్చేముందు కనుపాపలు, చూపు ఎటు తిరిగింది, కాళ్లూ చేతులూ చూసి రాసిపెట్టమని పోరేది అందుకే.

నా మొగ్గు ఆగడం వైపే, దాచేదేం లేదు. కానీ నా దృష్టిలో దీన్ని తేల్చేది స్కోరు కాదు, ఆ మంచం పక్కన ఎవరుంటారన్నది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, సక్షన్ ఆన్‌లో ఉంచి, 15 నిమిషాలకోసారి ఊపిరి లెక్కపెట్టి స్కోరు మళ్లీ చూసే మనిషి ఉంటేనే దాన్ని ఆగి చూడటం అంటాను. ఆక్సిజన్ మాస్క్ పెట్టి శాచురేషన్ 99 ఉందని తిరగకండి, ఊపిరి మందగించి కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. 8 కాస్తా 10 అయితే సరే, 6 అయితే ఇక చర్చ లేదు. ఒక్క డాక్టరు, ఇద్దరు సిస్టర్లు, పద్నాలుగు మంచాలు అయితే లెక్క మారిపోతుంది. సీటీ స్కాన్‌కి పంపాలన్నా, 108లో రెండు గంటల దూరం రెఫర్ చేయాలన్నా అంతే. దారిలో వాంతి చేసుకునేకంటే ఇక్కడే ట్యూబ్ పడటం నయం.

మిగతావి ఒక్క ముక్కలో. బైపాప్ (ట్యూబ్ లేకుండా మాస్కుతో గాలి తోసే యంత్రం) సీఓపీడీ అనే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తులోకి వెళ్లినవాళ్లకి తప్ప కోమాలో వద్దు. గొంతులో శ్వాసనాళం పైన కూర్చునే మాస్కు ఎల్‌ఎంఏ, అసలు ట్యూబ్ పడనప్పుడు గండం గడవడానికే. కనుపాపలు సూదిమొనల్లా ఉండి ఊపిరి మందగిస్తే నల్లమందు జాతి మత్తుకు విరుగుడు నలోక్సోన్ ఇచ్చి చూడండి.

ఇంకోటి, పేషెంటు తాలూకు వాళ్లలో ఒకర్ని స్టూలు మీద కూర్చోబెట్టి "వాంతి అయితే పిలవండమ్మా" అని వెళ్లిపోవడాన్ని నేను కాపలా కింద లెక్కపెట్టను.