ప్రకాశం బజార్‌కు ఓమ్ని: ఏడేళ్ల పార్కింగ్ లెక్క

మాది కనగల్ పక్క ఊరు. చిన్న కిరాణం కొట్టు. 2018 నుంచి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, సరుకు కోసం నల్లగొండ ప్రకాశం బజార్‌కు వస్తున్నాను. బండి పాత మారుతి ఓమ్ని. పప్పుల ధర గురించి కన్నా దీన్ని ఎక్కడ పెట్టాలా అనే ఎక్కువ ఆలోచించి ఉంటాను. కొట్టు లెక్కల పుస్తకంలో వెనక పేజీలు ఇందుకే వదిలాను. ఏ రోజు ఎక్కడ పెట్టాను, ఎంతసేపు తిరిగాను, ఎంత పోయింది, అన్నీ రాసి ఉన్నాయి. ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు బండి గురించి ఒక మాట. కంపెనీ 2019లో ఓమ్నిని ఆపేసింది కానీ మన బజార్ గల్లీలకు ఇంతకన్నా కుదిరే బండి నాకు కనిపించలేదు. పొడవు పదకొండు అడుగులే. పక్క తలుపు వెనక్కి జరుగుతుంది కాబట్టి మూరెడు జాగా ఉన్నా బస్తా ఎక్కుతుంది. మా బామ్మర్ది తన కొత్త కారులో వస్తే, దిగడానికే పక్క బండివాణ్ణి బతిమాలాల్సి వస్తుంది.

మొదటి రెండేళ్లు నేనూ అందరిలాగే గడియారం సెంటర్ చుట్టూ ప్రదక్షిణలు చేశాను. రోడ్డు పక్కన ఊరికే దొరికే జాగా కోసం. దొరికిన రోజు ఏదో గెలిచినట్టు ఉండేది. పుస్తకంలో రాయడం మొదలుపెట్టాక ఆ సంతోషం పోయింది. పదకొండు గంటలకు వస్తే సగటున ఇరవై ఐదు నిమిషాలు తిరుగుడే, అదీ మొదటి గేరులో, రెండో గేరులో. ముందు తోపుడు బండి, వెనక ఆటో హారన్. చివరికి ఎక్కడో ఒకచోట రెండో వరుసలో ఆపి, "రెండు నిమిషాల్లో వస్తా అన్నా" అని పక్క పండ్లాయనకు చెప్పి పోవడం. సరుకిచ్చే సేటు దగ్గర రెండు నిమిషాల్లో తెమిలే పని ఏదీ లేదు. చాయ్ తాగందే కదలనీయడు.

అట్లా మూడు చలాన్లు పడ్డాయి. ఫోటో తీసినట్టు అక్కడ తెలియదు. ఇంటికొచ్చి సంచులు దించుతుంటే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఫోటోలో మన బండి వంకరగా, సిగ్గుపడుతున్నట్టు నిలబడి ఉంటుంది. తప్పు నాదే, ఎవరినీ అనలేను. 2022 మార్చిలో పాత చలాన్ల మీద రాయితీ ఇచ్చినప్పుడు సగం కట్టి తీర్చుకున్నాను. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ ఇచ్చారు. అప్పుడు బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. మా ఊళ్లో కొందరు ఇంకో రాయితీ రాకపోతుందా అని కట్టకుండా కూర్చున్నారు. నాకు ఆ ధైర్యం లేదు. బండి ఆపి పాతవన్నీ బయటికి తీస్తే, నడి బజార్లో సరుకుతో నేనే నిలబడాలి.

రోజును బట్టి, వేళను బట్టి జాగా మారుతుందని తెలియడానికి చాలా కాలం పట్టింది. పొద్దున ఎనిమిదిన్నర లోపు వస్తే ప్రకాశం బజార్ మొదట్లోనే పెట్టుకోవచ్చు, కానీ ఎవరి షట్టర్ ముందు పెట్టామో చూసుకోవాలి. పదకొండు నుంచి రెండు దాకా ఆశ వదులుకోవడమే మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు మసీదు వీధులు బండ్లతో నిండిపోతాయి. చాలామంది అది చూసి వెనక్కి పోతారు. అరగంట ఓపిక పడితే ఆ జాగాలన్నీ ఒక్కసారే ఖాళీ అవుతాయి. ఈ సంగతి నాకు సైకిల్ పంక్చర్లు వేసే ఒక కాక చెప్పాడు.

లగ్గాల సీజన్‌లో బట్టల దుకాణాల దిక్కే చూడొద్దు. ఒక్కో లగ్గానికి మూడు కార్లు వస్తాయి, కార్లు ఆగి ఉంటాయి, మనుషులు చీరలు విప్పి చూస్తూనే ఉంటారు. మూఢం వచ్చిందంటే మాత్రం నాకు పండుగే. గడియారం సెంటర్‌లో ధర్నా ఉన్నా, ఎన్జీ కాలేజీ మైదానంలో సభ ఉన్నా ముందురోజు పేపర్ చూసుకుని ప్రయాణం మార్చుకుంటాను. వినాయక నిమజ్జనం రోజు అసలు కొట్టే తీయను, బండి సంగతి ఎందుకు.

ఈ ఏడేళ్లలో నాకు బాగా నచ్చిన జాగా పేరున్నదేమీ కాదు. రామగిరి దిక్కు ఒక అవ్వ ఇంటి పక్క ఖాళీ ప్లాటు. రెండు వేపచెట్లు, రేకుల గేటు, దాని మీద సుద్దముక్కతో "కారు 20" అని రాత. మొదటి రోజు "సాయంత్రం దాకా పెట్టినా ఇరవయ్యేనా అవ్వా?" అని అడిగితే, "ఇరవయ్యే బిడ్డా, బండి తాళంచెవి మాత్రం ఇచ్చిపో" అన్నది. అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. బండ్లు ఒకదాని వెనక ఒకటి పెడతారు కదా, వెనకది తీస్తే కానీ ముందుది రాదు. తీసేది ఎవరయ్యా అంటే పదో తరగతి చదివే మనవడు. లైసెన్స్ లేని పిల్లగాడికి చెవి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. చివరికి ఒప్పందం కుదిరింది: గేరులో వేయకుండా, హ్యాండ్ బ్రేక్ దించి, టైరు కింద రాయి పెట్టి పోతాను. కావాలంటే ఇద్దరు కలిసి తోసుకోండి. ఓమ్ని తేలిక కాబట్టి నడిచింది.

వానకాలంలో ఆ ప్లాటు నరకమే. ఎర్రమట్టి జారుతుంది. ఓమ్నికి వెనక చక్రాలే తిరుగుతాయి, ఖాళీగా ఉంటే బురదలో ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. ఒకసారి నలుగురు తోసినా కదల్లేదు. హమాలీ అన్న తెలివిగా వెనకాల రెండు బియ్యం బస్తాలు వేయించాడు, బరువు పడగానే పట్టు దొరికి బయటికి వచ్చింది. పిట్టల రెట్టలు, వేప పండ్ల జిగురు గురించి చెప్పక్కర్లేదు, వారానికొకసారి అద్దం గీకాల్సిందే.

అయినా ఆ ఇరవై రూపాయలు ఎందుకు దండగ కాదో ఒక మే నెల రోజు చెప్పింది. అవ్వ ఊరెళ్లి గేటు తాళం వేసి ఉంటే, రోడ్డు పక్కన ఎండలో ఊరికే దొరికిన జాగాలో పెట్టాను. తిరిగొచ్చేసరికి రెండు చాక్లెట్ డబ్బాలు ముద్దయ్యాయి. బెల్లం కరిగి అట్టపెట్టెకు అతుక్కుంది. ఆ రోజు పోయింది 740 రూపాయలు. అవ్వ ప్లాటులో ముప్పై ఏడు సార్లు పెట్టుకునేవాణ్ణి. మన ఎండల్లో జాగా కన్నా ముందు నీడ చూడాలని అప్పుడు పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

షాపింగ్ కాంప్లెక్సుల సెల్లార్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బయట పార్కింగ్ అని బాణం గుర్తు ఉంటుంది, కింద చూస్తే సగం గోడౌన్. ఒకచోట దిగగానే కాపలాదారు పైసలు అడిగాడు. డిగ్రీ చదివే మా మేనల్లుడు పక్కనే ఉండి, 2018లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు సంగతి తీశాడు. మాల్స్‌లో, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట పైసలు తీసుకోకూడదు. అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా కూడా ఉచితం. గంట దాటితే బిల్లు పార్కింగ్ రుసుము కన్నా ఎక్కువ ఉండాలి. కాపలాదారు వినలేదు, "మా సార్‌తో మాట్లాడుకోండి" అన్నాడు. వాదించి గెలిచేసరికి ఎట్లాగూ అరగంట అయిపోయింది. అప్పటి నుంచి బిల్లు మాత్రం పారేయకుండా జేబులో పెట్టుకుంటున్నాను, రెండుచోట్ల పనికొచ్చింది.

హైదరాబాద్ పోయే రోజు స్కూటర్ మీద వచ్చి స్టాండులో పెట్టి బస్సెక్కుతాను. దాని గురించి చెప్పేది తక్కువ. టోకెన్ మీద వేసిన టైము అక్కడే చూసుకోవాలి, లేకపోతే రాత్రి తిరిగొచ్చినా రెండో రోజు లెక్క కడతారు. హెల్మెట్ వెంట తీసుకుపోవడం మేలు.

పోయిన దసరా తర్వాత అవ్వ ప్లాటులో గుంత తీశారు. కొడుకు షాపులు కడుతున్నాడట. వేపచెట్లు రెండూ పోయాయి. నేను మళ్లీ వీధిన పడ్డాను. నెల రోజులు పాత ప్రదక్షిణలే చేసి, ఇప్పుడు వేరే పద్ధతిలో వస్తున్నాను. ముందురోజు రాత్రే సేటుకు వాట్సాప్‌లో సరుకుల చిట్టి పంపుతాను. పొద్దున సెంటర్ దాకా రాకుండా దేవరకొండ రోడ్డు మీదే, తెలిసిన మెకానిక్ షెడ్డు రేకుల నీడలో బండి పెడతాను. ఆయన పార్కింగ్ పైసలు తీసుకోడు, కానీ ఆయిల్ మార్పించేది, పంక్చర్ వేయించేది అంతా ఆయన దగ్గరే. నడిచిపోయి సరుకు చూసుకుని లెక్క కడితే, బస్తాకు పది రూపాయల చొప్పున ట్రాలీ ఆటోలో షెడ్డుకే వస్తుంది. పది బస్తాలకు వంద. ఇరవైతో పోలిస్తే ఎక్కువే. కానీ పన్నెండు గంటలకు ఇంట్లో ఉంటున్నాను, ముందు రెండున్నర అయ్యేది. ఆ రెండున్నర గంటల్లో కొట్టు తెరిచి ఉంటే వంద దాటి మిగులుతుంది. సరుకు లేకుండా ఊరికే బజారుకు వచ్చేవాళ్లకు ఈ వంద కూడా అక్కర్లేదు, బండి బయటే పెట్టి నడిస్తే సరిపోతుంది.

మొన్న మంగళవారం అటు నడుస్తుంటే అవ్వ గేటు దగ్గర ఇటుకల మీద కూర్చుని కనిపించింది. "బండేడ పెడుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. కింద సెల్లార్ వస్తుందట, "నీకు ఇరవయ్యే" అన్నది. ఓమ్ని మీద క్యారియర్ ఉంది కదా, స్లాబ్ ఎత్తు ఎంత వేస్తున్నారో మేస్త్రీని అడిగాను. ఇంకా సెంట్రింగ్ కొట్టలేదు. వచ్చే శుక్రవారం టేపు పట్టుకుని పోతాను.