తెల్ల నూలు బట్టలకు లిక్విడ్ బ్లీచ్: ఏళ్ల తరబడి వాడాక

మాది పర్లాకిమిడి. ఇంట్లో మామగారి పంచెలు, తువ్వాళ్లు, దుప్పట్లు అన్నీ తెల్ల నూలువే. పసుపు, పప్పుచారు, తాంబూలం మరకలకు కొదవ లేదు. వాటికి ఏళ్లుగా లిక్విడ్ బ్లీచ్ వాడుతున్నాను. తెల్ల నూలు వరకు దీనికి సాటి వచ్చేది నాకు దొరకలేదు. మిగతా వాటికి మాత్రం నమ్మి పోయలేం.

పాతపట్నం నుంచి మా ఆడపడుచు ఫోను చేసి, “వదినా, మరక పోవడం లేదు, ఇంకొంచెం పొయ్యనా?” అని అడుగుతూ ఉంటుంది. ఎక్కువ పోస్తే మరక కంటే ముందు నూలు చివికిపోతుంది. బట్టను ముందు సబ్బుతో ఉతికి, జిడ్డు వదిలించాలి. మురికి అలాగే ఉంటే బ్లీచ్ బలమంతా దానిమీదే ఖర్చయిపోతుంది. తర్వాత ప్లాస్టిక్ బకెట్‌లో ఐదు లీటర్ల చల్లని నీటికి సుమారు 60 మిల్లీలీటర్లు కలిపి, బట్టను పూర్తిగా ముంచి, ఐదు నిమిషాలు ఉంచితే చాలు. సీసా మీద వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. పసుపు మరక తడవగానే ఎర్రబడుతుంది, కంగారు పడవద్దు. చూస్తుండగానే అంచుల నుంచి పాలిపోతూ వస్తుంది. ఇంకా లేత ఛాయ మిగిలితే బాగా జాడించి ఎండలో వేయండి, దాన్ని ఎండే లాగేస్తుంది.

అసలు చిక్కు నీళ్లతో. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలో బ్లీచ్ పోస్తే కాసేపటికి బకెట్ అంతా టీ రంగుకు తిరుగుతుంది. నీటిలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి బట్టకే పట్టుకుంటుంది. మీ బోరు అలాంటిదైతే కుళాయి నీళ్లో వాన నీళ్లో వాడండి. తుప్పు మరకకు బ్లీచ్ అసలు వద్దు, అది ఇంకా ముదురుతుంది. దానికి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టడమే మేలు. అయితే బట్టలో బ్లీచ్ వాసన ఏమాత్రం ఉన్నా నిమ్మరసం తగలనివ్వకండి. పులుపు, ఆమ్లం ఏది కలిసినా విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్నీ, అమ్మోనియా ఉన్న వాటినీ ఇదే బకెట్ దగ్గరికి రానివ్వవద్దు. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా వినకండి. తలుపులు తెరిచి, చేతి తొడుగులు వేసుకునే పని మొదలుపెట్టండి.

పట్టు, ఉన్ని, నైలాన్, సాగే బట్టలకు ఇది పనికిరాదు. చెమటతో పచ్చబడిన చంకల భాగం మీద పోస్తే పచ్చదనం పెరుగుతుంది. రంగు బట్టలకు క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ పొడి తీసుకోండి. దానిలో బట్ట గంటల తరబడి నానాలి, కానీ చాలా రంగులు నిలుస్తాయి.

కొనేటప్పుడు చిన్న సీసా, ఈమధ్యే తయారైన తేదీ ఉన్నది చూసుకోండి. ఇక్కడి వేసవి వేడికి దీని బలం త్వరగా తగ్గిపోతుంది. పిల్లలకు అందని చోట, చీకట్లో, చల్లగా ఉంచండి.