మినిమం డ్యూ ఉన్న కార్డు, ఉన్నంతలో వాడే కార్డు

క్రెడిట్ కార్డుల మీద సమీక్షలు రాసేవాళ్లు ఎక్కువగా రివార్డు పాయింట్లు, విమానాశ్రయం లాంజ్‌లు, వార్షిక రుసుము గురించి రాస్తారు. అవన్నీ నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేసేవాళ్ల లెక్కలు. బాకీ మిగిలిపోతున్నవాళ్ల చేతిలో ఉన్నది చూడటానికి అదే కార్డు అయినా వాడకంలో పూర్తిగా వేరే సరుకు. ఆ రెండో సరుకును కొన్నేళ్లు వాడి, బాకీ తీర్చి, కార్డులు మూసేసి, ఇప్పుడు డెబిట్ కార్డుతోనే ఇల్లు నడుపుతున్నాను. ఈ సమీక్ష దాని గురించే. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇందులో లెక్క కాస్త ఎక్కువగానే ఉంటుంది, దయచేసి దాటేయకండి. విషయమంతా అందులోనే ఉంది.

మా వారు పనిచేసే సంస్థ మూతపడినప్పుడు, ఆయనకు ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఇంటి ఖర్చుల్లో నా జీతానికి అందనివన్నీ రెండు క్రెడిట్ కార్డుల మీద నడిచాయి. ఆ రోజుల్లో కార్డు మమ్మల్ని ఆదుకుంది, ఆ మాట దాచను. ఎవరి ముందూ చేయి చాచకుండా మందులు వచ్చాయి, పిల్లల ఫీజులు కట్టాం. దాని అసలు ఖరీదు తర్వాత, ఆయన జీతం మళ్లీ మొదలై తీర్చడానికి కూర్చున్నప్పుడు తెలిసింది.

బిల్లు మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ. రెండోది మినిమం డ్యూ, అంటే ఈ నెలకు కట్టి తీరాల్సిన కనీస మొత్తం. అందరూ వడ్డీ రేటును తిడతారు గానీ, ఈ సరుకులో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం ఈ రెండో అంకే అని నా గట్టి అభిప్రాయం. బాకీ నూరు అనుకుందాం. వడ్డీ నెలకు నూటికి మూడు. వడ్డీ కలిశాక తేలిన బాకీలో నూటికి ఐదు మినిమం డ్యూ. మొదటి నెల బాకీ 103 అవుతుంది, కట్టాల్సింది 5.15, కట్టాక మిగిలేది 97.85. ఐదు కడితే అప్పు తగ్గింది రెండు. బాకీ తగ్గింది కాబట్టి రెండో నెల మినిమం డ్యూ కూడా కాస్త తగ్గుతుంది, మూడో నెల ఇంకాస్త. ఇలా బిల్లు అడిగినంతే కట్టుకుంటూ పోతే, కొత్తగా ఒక్క వస్తువూ కొనకపోయినా, 30 నెలలు గడిచేసరికి మనం కట్టింది దాదాపు 115. ఇంకా మిగిలిన బాకీ 52.

ఇప్పుడు ఇందులో ఒక్క మార్పు చేద్దాం. మొదటి నెల కట్టిన 5.15నే ప్రతి నెలా కడదాం, బిల్లు అంతకంటే తక్కువ అడిగినా సరే. అవే 30 నెలల్లో బాకీ పూర్తిగా తీరిపోతుంది. మొత్తం కట్టింది 152 చిల్లర. మొదటి నెల భారం రెండు దారుల్లోనూ ఒక్కటే, వడ్డీ రేటూ ఒక్కటే. నెలనెలా తగ్గే ఆ కనీస మొత్తం మన మీద దయలా కనిపిస్తుంది, అప్పు ఆయుష్షు పెంచేది అదే. చక్రవడ్డీ పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు వరుసలనూ పక్కపక్కన బోర్డు మీద వేసి చూపిస్తాను. పిల్లలు రెండో వరుస చివర సున్నా చూసి మళ్లీ మొదటి నుంచి కూడుకుంటారు, నమ్మబుద్ధి కాక. వడ్డీ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. నెలకు మూడు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. ఏమీ కట్టకుండా ఏడాది వదిలేసి, వడ్డీ మీద వడ్డీ పడితే అది నూటికి 42 దాటుతుంది.

మొదట్లో కార్డులు ఇలా లేవు. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డుకు నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే, బాకీని ముందుకు జరుపుకునే వీలు లేదు. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరంలో, అడగనివాళ్లకు కూడా, దాదాపు 60,000 కార్డులు తపాలాలో పంపింది. కొంత కట్టి, మిగిలింది వడ్డీతో వచ్చే నెలకు మోసుకుపోయే పద్ధతి జనంలోకి పెద్ద ఎత్తున వెళ్లింది ఆ కార్డుతోనే. 1976లో వీసాగా పేరు మార్చుకున్నది అదే. కార్డుతో చెల్లించే సౌకర్యం, అప్పు మిగుల్చుకునే సౌకర్యం వేర్వేరు సమయాల్లో వచ్చాయి. మొదటిది కావాలనుకునేవాళ్లు రెండోదాన్ని ఇంటికి తెచ్చుకోనక్కర్లేదు.

బాకీ మిగిలిన కార్డుతో ఇంకో చిక్కు ఉంది. వడ్డీ లేని గడువు అని ప్రకటనల్లో చెప్పే సదుపాయం, కిందటి బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే దక్కుతుంది. బాకీ కొంత ముందుకు జరిగిందంటే, చాలా కార్డుల్లో, కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అప్పటికే బాకీ ఉన్న కార్డు మీద కిరాణా సరుకులు కొంటే, ఆ సరుకులకూ తొలి రోజు నుంచే వడ్డీ కడుతున్నట్టు. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు తీస్తే రుసుము వేరు, అదే రోజు నుంచి వడ్డీ వేరు. అందుకే తీర్చాలనుకున్న కార్డును ముందు వాడకం నుంచి తప్పించాలి. మేము చేసిన మొదటి పని అదే: రెండు కార్డులనూ ఫోన్‌లోని చెల్లింపు యాప్‌ల నుంచీ, ఆన్‌లైన్ దుకాణాల నుంచీ తొలగించాం. అంకెలు మళ్లీ కొట్టాల్సి రావడమే పెద్ద అడ్డుకట్ట.

రెండో పని కొంత వింతగా అనిపించవచ్చు. తీర్చడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న మొత్తాన్ని విడిగా దాచాం. అంత వడ్డీ కడుతూ దాచుకోవడమేమిటని లెక్కల టీచర్‌గా నాకూ నచ్చలేదు. కానీ చేతిలో ఏమీ లేని ఇంట్లో బండి రిపేరు వచ్చినా, పిల్లాడికి జ్వరం వచ్చినా మళ్లీ ఆ కార్డే బయటికి వస్తుంది. ఆ చిన్న నిల్వ మాకు కొన్న వస్తువులన్నిటికంటే విలువైనది.

ఏ కార్డు ముందు తీర్చాలన్న విషయంలో మా ఇద్దరికీ మాట కలవలేదు. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీరిస్తే మొత్తం ఖర్చు తగ్గుతుంది, ఇందులో వాదన లేదు. మా వారు మాత్రం, "చిన్నది ముందు తీరుద్దాం. ఒకటి పోయిందన్న ధైర్యం వస్తే రెండోది తీర్చే ఓపిక ఉంటుంది" అన్నారు. రెండు కార్డుల వడ్డీ రేట్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. తేడా లెక్కవేసి చూస్తే పట్టుబట్టేంత లేదు, ఆయన మాటే విన్నాను. మొదటి కార్డుకు కట్టే మొత్తాన్ని అది తీరగానే రెండోదానికి కలిపేశాం. ఒక గడువు తేదీ తగ్గడం వల్ల మనసుకు వచ్చిన తేలికను నేను ముందుగా లెక్కలోకి తీసుకోలేదు. రేట్ల మధ్య పెద్ద అంతరం ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువ వడ్డీదే ముందు తీర్చండి.

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే బాకీని తక్కువ వడ్డీ ఉన్న ఇంకో కార్డుకు మార్చుకోవడం, మేము చేయలేదు. బదిలీకి రుసుము ఉంటుంది, తక్కువ వడ్డీ కొన్ని నెలలే ఉంటుంది, అన్నిటికీ మించి చేతికి ఇంకో కార్డు వస్తుంది. గడువులోగా తీర్చగలమన్న లెక్క కాగితం మీద తేలితే మంచిదే. బాకీని ఈఎంఐలుగా మార్చుకోవడం కూడా అంతే. ఆ వడ్డీకి ప్రాసెసింగ్ రుసుము కలిపి చూసి నిర్ణయించుకోవాలి. బాకీలో కొంత వదిలేస్తామని వచ్చే సెటిల్‌మెంట్ మాటల విషయంలో మరీ జాగ్రత్త. అది క్రెడిట్ రిపోర్టులో, అంటే మనం అప్పులు ఎలా కట్టామో చూపే నివేదికలో, పూర్తిగా కట్టిన ఖాతాగా నమోదు కాదు, తర్వాత ఇంటి అప్పుకు వెళ్లినప్పుడు అడ్డం వస్తుంది. నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లకే అది దారి.

ఇక మూసేసే ఘట్టం. మొదటి కార్డు బాకీ మొత్తం కట్టేశాక వచ్చే నెల మళ్లీ ఒక చిన్న బిల్లు వచ్చింది. "అంతా కట్టేశాం కదండీ, ఇదేమిటి?" అని మా వారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. బిల్లు తయారైన రోజుకూ మనం డబ్బు కట్టిన రోజుకూ మధ్య దినసరి వడ్డీ పడుతూనే ఉంటుంది, అది తర్వాతి బిల్లులో కనిపిస్తుంది. తీరిపోయిందనుకుని ఆ చిన్న మొత్తాన్ని పట్టించుకోకపోతే దాని మీద ఆలస్య రుసుము పడి, రిపోర్టులో మచ్చ మిగులుతుంది. అందుకే ఖాతా మూసే రోజున కట్టాల్సిన కచ్చితమైన మొత్తం అడిగి కట్టండి, బాకీ లేదన్న ఉత్తరం తీసుకోండి, తర్వాత ఒకటి రెండు నెలలు స్టేట్‌మెంట్ చూడండి. కార్డుకు ముడిపడిన ఆటోమేటిక్ చెల్లింపులను అంతకుముందే వేరే చోటికి మార్చాలి.

ఇప్పుడు డెబిట్ కార్డు. డబ్బు అప్పటికప్పుడు ఖాతాలోంచి వెళ్తుంది, మిగిలింది ఎంతో ఫోన్‌లో కనిపిస్తుంది. దుకాణంలో నా చేయి ఆగడం నాకే తెలుస్తోంది. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఎంఐటీ పరిశోధకులు ఎంబీఏ విద్యార్థుల మధ్య బాస్కెట్‌బాల్ టికెట్లు వేలం వేయించారు. క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పినవాళ్లు, నగదుతో చెల్లించాలని చెప్పినవాళ్లకంటే దాదాపు రెట్టింపు పాడారు. డెబిట్ కార్డు నగదంత గట్టిగా ఆపుతుందని చెప్పను, కానీ లేని డబ్బును మాత్రం ఖర్చు పెట్టనివ్వదు. అది కూడా ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకోనిచ్చే సదుపాయం, లేకుంటేనే. ఖాతాకు అది జతచేసి ఉంటే డెబిట్ కార్డు కూడా అప్పు కార్డే అవుతుంది, తీయించేయండి.

లోపాలూ ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద దొంగ లావాదేవీ జరిగితే పోట్లాట బ్యాంకు డబ్బు గురించి. డెబిట్ కార్డు మీద జరిగితే, ఫిర్యాదు తేలేదాకా పోయింది మన డబ్బే. అందుకని జీతాలు పడే ఖాతాకు కార్డే పెట్టుకోలేదు. నెల ఖర్చుకు సరిపడా రెండో ఖాతాలోకి మార్చుకుంటాం, కార్డు దానికే ఉంటుంది. రోజువారీ పరిమితి తగ్గించి, విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంచాం. హోటల్ గదికి, అద్దె కారుకు డిపాజిట్‌గా కొంత మొత్తం పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డులో అది పరిమితిలోంచి పోతుంది, మనకు మాత్రం ఖాతాలోని సొంత డబ్బే కొన్నాళ్లు కదలదు. కొన్ని అద్దె కార్ల సంస్థలు డెబిట్ కార్డు తీసుకోనే తీసుకోవు. ప్రయాణాలకు ముందు ఫోన్ చేసి అడగడం, ఖాతాలో అదనంగా ఉంచుకోవడం తప్ప దీనికి ఉపాయం దొరకలేదు.

నెలనెలా మొత్తం బాకీ కట్టే అలవాటు ఎన్నడూ తప్పనివాళ్లకు క్రెడిట్ కార్డు మంచి సరుకే, వాళ్లను మానమని అడగను. బాకీ ముందుకు జరుగుతున్నవాళ్లకు మాత్రం అయిదుకు ఒక్కటి ఇస్తాను, ఆ ఒక్కటీ మా కష్టకాలంలో మందులు కొన్నందుకు. డెబిట్ కార్డుకూ, దాని వెనక ఉన్న ఆ రెండో ఖాతాకూ కలిపి నాలుగు. హోటల్ డిపాజిట్ సంగతి తేలితే అయిదు ఇచ్చేదాన్ని.