తలుపుకు కట్టిన మువ్వల పట్టీ: 16 నెలల వాడకం తర్వాత

కుక్కపిల్లకు మలమూత్ర విసర్జన ఆరుబయట అలవాటు చేయడం కోసం, తలుపు గడియకు వేలాడదీసే మువ్వల పట్టీ ఒకటి తెప్పించుకుని ఇప్పటికి 16 నెలలైంది. ఇందులో నాకు ప్రాణమైనది ఆ మువ్వల చప్పుడే. నుదుట తెల్లమచ్చ ఉన్న మా నాటు కుక్కపిల్ల చుక్క, ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరికి వెళ్లి, ముక్కుతో పట్టీని కదిలించి, తిరిగి నా ముఖంలోకి చూసిన ఆ సాయంత్రం కలిగిన సంతోషం నేటికీ తగ్గలేదు. అంతవరకూ అది నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం కనిపెట్టి దాన్ని ఎత్తుకుని పరుగెత్తడం మా పనిగా ఉండేది. ఆ రోజు నుంచి తన అవసరాన్ని తానే చెప్పుకోసాగింది.

బయటికి తీసుకెళ్లే ప్రతిసారీ దాని ముందుకాలిని మువ్వలకు తగిలించి, వెంటనే తలుపు తీసి, ప్రహరీ పక్కన కానుగచెట్టు కింది మట్టిలోకి తీసుకెళ్లేవాళ్లం. పని కాగానే అక్కడికక్కడే వేరుశనగ గింజంత కోడిమాంసం ముక్క పెట్టేవాళ్లం. ఆ ముక్కను ఇంట్లోకి వచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకే పెట్టారని అది అనుకుంటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బు భయంతో, వీధిలోకి మాత్రం తీసుకెళ్లలేదు.

రెండు వారాల్లో నేర్చుకుందని అప్పట్లో తెలిసినవారందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, కానీ ఆ ఘనతంతా పట్టీదేనని ఇప్పుడు అనలేను. మా అమ్మ పగలంతా ఇంట్లోనే ఉండి, అది నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ఆపగానే, విసుగు లేకుండా బయటికి తిప్పింది. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు మూడు గంటలు ఆపుకోవడమే కష్టం. అమ్మ ఆ వేళలు తప్పనివ్వలేదు కాబట్టి, మువ్వలకూ మట్టికీ ఉన్న సంబంధం దానికి త్వరగా తెలిసింది.

అసలు చిక్కు వేసవిలో వచ్చింది. మాది కడప, వాకిలి పొడవునా పరిచినవి నల్లటి కడప బండలే. మే నెల మధ్యాహ్నాల్లో చుక్క ఎప్పటిలాగే మువ్వలు మోగించేది. తలుపు తీస్తే గడప దాకా వచ్చి, ఒక కాలు బండమీద పెట్టి, చప్పున వెనక్కి తీసుకుని, హాలులోకి పోయి కాళ్లు తుడుచుకునే పట్టామీద మూత్రం పోసేది. నేర్చుకున్నదంతా మరిచిందనుకుని మూడు రోజులు గట్టిగా కోప్పడ్డాను. నాలుగో రోజు మువ్వలు మోగలేదు. నాకు కనిపించకుండా మంచం కిందికి దూరి పని కానిచ్చింది. నా కోపం దానికి నేర్పినది, ఇంట్లో పోయకూడదని కాదు, నా ఎదుట పోయకూడదని. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

"దాని కాళ్లకు చెప్పులున్నాయారా? నువ్వొకసారి చెప్పులిడిచి ఆ బండమీద నిలబడి చూడు," అంది అమ్మ. నిలబడలేకపోయాను. అరచేతి వెనుకభాగాన్ని బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ వేడి కుక్క పాదాలకూ ఎక్కువేనని తర్వాత పశువైద్యులు చెప్పారు.

మొదట గడప నుంచి చెట్టు దాకా తడిపిన గోనెసంచులు పరిచాను. అది వాటిమీదే మూత్రం పోయసాగింది. పట్టామీద పోసి పోసి, కాలికి మెత్తగా తగిలే గుడ్డే అందుకు తగిన చోటని అప్పటికే అలవాటు పడి ఉంది. సంచులు తీసేసి, తాటాకులతో చలువ పందిరి వేయించి, మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ బండలపై నీళ్లు చల్లాను. పట్టాను పారేసి, మంచం కింది నేలను, మూత్రపు వాసనను విరిచేసే ఎంజైమ్ ద్రావణంతో కడిగాను. ఫినాయిల్ మన ముక్కుకు వాసనను కప్పుతుందే గాని, కుక్కకు ఆ చోటు గుర్తు చెరిగిపోదు. మువ్వలు మళ్లీ ధైర్యంగా మోగడానికి దాదాపు నెల పట్టింది. ఈ మే నెలలో పందిరి ముందుగానే వేయించాను. ఇంతవరకు ఒక్కసారి కూడా లోపల పోయలేదు.

పట్టీ నాణ్యత సామాన్యమే. నైలాన్ గట్టిగానే ఉంది గాని, ఏడాది తిరిగేసరికి మూడు మువ్వలు తుప్పు పట్టాయి. వాటి స్థానంలో బజారులో దొరికే ఇత్తడి మువ్వలు కుట్టించాను, ఆ చప్పుడు ఇంకా బాగుంది. గొర్రెలమంద వీధిలో వెళ్తే చూడడానికి కూడా చుక్క మువ్వలు మోగిస్తుంది. నిజమైన అవసరం కాదని అనిపించినా నేను తలుపు తీస్తాను, ఆ పిలుపును తోసిపుచ్చే ధైర్యం ఆ వేసవి తర్వాత నాకు లేదు.

నేల అంతస్తు ఇల్లు, ఆవరణలో మట్టి, పగలు ఇంట్లో ఒక మనిషి ఉన్న మాకు ఇది ఉపకరించింది. మూడో అంతస్తులో ఉంటూ, మువ్వ మోగాక మెట్లు దిగాల్సినవారికి, పిల్ల కాస్త పెరిగి ఆపుకోగలిగేదాకా, ఇది ఇంతే ఫలితమిస్తుందని నేను చెప్పలేను. పగలు ఇల్లు తాళం వేసి వెళ్లేవారైతే, మోగినప్పుడు తలుపు తీసే మనిషిని చూసుకున్న తర్వాతే కొనండి.