పసరు వాసన జన్యువు చూసుకోవడానికి 23అండ్‌మీ కిట్ పనికొస్తుందా?

కోసిన గడ్డి నుంచి, నలిపిన ఆకు నుంచి గుప్పున కొట్టే పసరు వాసనలో ముఖ్యమైనది సిస్-3-హెక్సెన్-1-ఆల్. దాన్ని పసిగట్టే గ్రాహకం (ముక్కులో వాసనను పట్టే ప్రొటీన్) ఓఆర్2జె3. దాన్ని తయారుచేసే జన్యువు ఆరో క్రోమోజోమ్ మీద ఉంది. రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్‌ఎల్‌ఏ-ఎ జన్యువు అక్కడికి సుమారు 8 లక్షల బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల) దూరంలోనే ఉంటుంది. అందుకే ఇవి తరచూ కలిసే పిల్లలకు సంక్రమిస్తాయి.

అమెరికాలో ఉండే మనవాళ్లు చాలామంది వాడిన, ఉమ్మితో జన్యు పరీక్ష చేసే కంపెనీ 23అండ్‌మీలో వాసన మీద రిపోర్టులున్నాయి: కొత్తిమీర సబ్బులా అనిపిస్తుందా, ఆస్పరాగస్ తిన్నాక మూత్రంలో వాసన తెలుస్తుందా అని. సరదాగా చదువుకోవచ్చు. కానీ మొదటిదాని జన్యువులు 11వ క్రోమోజోమ్‌లో, రెండోదానివి ఒకటో క్రోమోజోమ్‌లో ఉన్నాయి. ఆరో క్రోమోజోమ్ సంగతి కావాలంటే రా డేటా ఫైలు (పరీక్షలో చదివిన జన్యు అక్షరాల జాబితా) దించుకోవాల్సిందే. నా లెక్కన ఈ కిట్‌లో అసలు విలువైనది ఆ ఫైలే.

ఉమ్మి ఇచ్చే ముందు 30 నిమిషాలు తినకూడదు, తాగకూడదు. నురగను లెక్కలోకి తీసుకోకుండా గీత దాకా నింపాలి.

ఫైలు తెరిచి క్రోమోజోమ్ 6లో 29079000 నుంచి 29081000 వరకు వెతకండి. స్థానాలు బిల్డ్ 37 (మానవ జన్యుపటం పాత కూర్పు) ప్రకారం ఉంటాయి. కొత్త బిల్డ్ అంకెలతో వెతికితే వేరే చోటికి పోతారు. జన్యురూపం (genotype) దగ్గర రెండు అడ్డగీతలుంటే చిప్ (డీఎన్‌ఏను చదివే పరికరం) చదవలేకపోయిందని అర్థం. వాసన జన్యువులు ఒకదానికొకటి బాగా పోలి ఉంటాయి కాబట్టి ఇక్కడ చిప్ తడబడే అవకాశం ఎక్కువ.

అసలు చిక్కు వేరే ఉంది. 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం ఈ గ్రాహక ప్రొటీన్‌లో 113వ స్థానంలో థ్రియొనిన్ అనే అమైనో ఆమ్లం బదులు అలనిన్, 226లో ఆర్జినిన్ బదులు గ్లుటమిన్, ఈ రెండు మార్పులూ జన్యువు ఒకే ప్రతిలో ఉంటే గ్రాహకం ఆ వాసనకు స్పందించదు. మీకు రెండు చోట్లా ఒక్కో ప్రతిలోనే మార్పు కనిపిస్తే, రెండూ ఒకే వైపు నుంచి వచ్చాయా, చెరొక వైపు నుంచి వచ్చాయా అన్నది ఈ ఫైలు చెప్పదు. అమ్మదో నాన్నదో ఫైలు కూడా ఉంటే చాలావరకు తేలుతుంది.

హెచ్‌ఎల్‌ఏ టైపింగ్‌కూ (మీ హెచ్‌ఎల్‌ఏ జన్యువులు ఏ రకమో తేల్చడానికీ) ఇదే ఫైలు సరిపోతుందనుకోకండి. చిప్ ఫలితాల నుంచి హెచ్‌ఎల్‌ఏను అంచనా మాత్రమే కడతారు. ఆ అంచనాలు యూరోపియన్లకు కుదిరినంతగా మనకు కుదరవు. హెచ్‌ఎల్‌ఏ అంచనాను చూపి జంట పొంతన చెబుతామనే సేవలకు డబ్బు పెట్టొద్దు.

వాసన తెలుస్తుందో లేదో తేల్చడానికి ముక్కే మేలు. సిస్-3-హెక్సెన్-1-ఆల్‌ను వాసన లేని మినరల్ ఆయిల్‌లో పదింతల చొప్పున పలచన చేసుకోండి. ఒక్కో మెట్టుకు మూడు సీసాలు, ఒక్కదాంట్లోనే ఆ పదార్థం, మిగతా రెంటిలో ఉత్త నూనె. పలుచని దాంతో మొదలుపెట్టి, వాసన చూసిన ప్రతిసారీ అర నిమిషం ఆగాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక ఒకే మెట్టులో ఐదుసార్లు అడిగాకే నమ్మండి.

2023లో ఈ కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది. ఫైలు దించుకోగానే ఖాతా తొలగించి, శాంపిల్ పారేయమని అడగండి.