గర్భసంచి అతుక్కుపోతే: కత్తెరా, కరెంటా?

దేవరకొండలో ఉండే మా వదినకు అబార్షన్ తర్వాత డీ అండ్ సీ (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) చేశారు. ఆపై నెలసరి రెండు చుక్కలకు తగ్గింది. నల్గొండలో స్కాన్, హైదరాబాద్‌లో హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపలికి కెమెరా పంపి చూడటం) అయ్యాకే తెలిసింది, గర్భసంచి గోడలు లోపల అతుక్కుపోయాయని. దీన్నే ఆషర్మన్ సిండ్రోమ్ అంటారు.

ఈ అతుకులు విడదీయడానికి రెండు పద్ధతులు: చిన్న కత్తెర, లేదా కరెంటుతో కోసే పరికరం. రెండింటిలోనూ పొట్ట కోయరు. కింది నుంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, చూస్తూ విడదీస్తారు. చిన్న కత్తెరతో చేస్తే వేడి తగలదు, మిగిలిన కాస్త లోపలి పొర కాలదు. బాగా అతుక్కున్నవాళ్లకు ఆ పొరే ప్రాణం, అందుకే నా మొగ్గు కత్తెరకే. కరెంటుతో అయితే గట్టిపడ్డ పీచు సులువుగా తెగుతుంది, రక్తం తక్కువ పోతుంది. కానీ పొరపాటున గోడకు చిల్లు పడితే పక్కనున్న పేగు కాలే ప్రమాదం ఉంది.

ఎలా చేసినా మళ్లీ అతుక్కోవచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు లోపల కొన్ని రోజులు బెలూన్ ఉంచి, ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మాత్రలిచ్చి, కొన్ని వారాలకు మళ్లీ కెమెరాతో చూస్తారు. "ఇంకోసారా?" అని వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయినా ఆ రెండో చూపు మానొద్దు. తర్వాత గర్భం నిలిస్తే మాయ గోడలోకి పాతుకుపోయే రిస్కు ఉంటుంది, కాన్పు పెద్దాసుపత్రిలోనే పెట్టుకోవాలి.