దర్శి దగ్గర మా ఇంటి ఫ్లోరైడ్ ఫిల్టర్: ఆరు నెలల వాడకం

మాది దర్శి దగ్గర పల్లె. సాగర్ కాలువ నీళ్లు వస్తున్నన్నాళ్లు ఫర్వాలేదు, ఆగితే బోరే దిక్కు. మా బోరు నీళ్లను ఒంగోలులో టెస్ట్ చేయిస్తే లీటరుకి 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని తేలింది. ఉండాల్సింది 1, మరీ తప్పకపోతే 1.5. మా అమ్మ పళ్ల మీద గోధుమరంగు చారలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా పాపకి నాలుగేళ్లు. చిగుళ్ల లోపల శాశ్వత పళ్లు తయారయ్యే వయసు ఇదే. అందుకే ఆలస్యం చేయలేదు.

ఆర్.ఓ. వద్దనుకున్నాను, అందులో వృథాగా పోయే నీళ్లు ఎక్కువ. ఒంగోలులో ఒక షాపులో యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ తీసుకున్నాను. లోపల 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం, అందులో 50 సెంటీమీటర్ల ఎత్తున తెల్లటి గింజలు. నీళ్లు పైనుంచి కిందికి దిగుతుంటే ఫ్లోరైడ్ ఆ గింజలకు అంటుకుంటుంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి బకెట్ పెట్టి చూపించాడు: "చూడండి సార్, రెండున్నర నిమిషాల్లో పది లీటర్లు!"

నాకు అక్కడే అనుమానం వచ్చింది. నేను పద్నాలుగేళ్లు కెమికల్ ప్లాంట్‌లో ప్యాక్డ్ బెడ్ రియాక్టర్ల (ఇలాగే లోపల గింజలు నింపిన పెద్ద గొట్టాల) దగ్గర పనిచేశాను. అక్కడ మేం ముందుగా చూసేది రెసిడెన్స్ టైమ్, అంటే లోపలికి వెళ్లిన పదార్థం గింజల మధ్య ఎంతసేపు ఉంటుందనేది. వాయువులైతే వేడిని బట్టి, ప్రెషర్‌ని బట్టి వాటి ఘనపరిమాణం మారుతుంది కాబట్టి ఆ లెక్కకు తలనొప్పి ఎక్కువ. నీళ్లకు ఆ బాధ లేదు.

గింజలు నిండిన భాగం 15.7 లీటర్లు. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే, 15.7ని 4తో భాగిస్తే 3.9 నిమిషాలు. కానీ ఆ 15.7 లీటర్లలో చాలా భాగం గింజలదే. వాటి మధ్య ఖాళీ సుమారు 40 శాతం, అంటే 6.3 లీటర్లు. నీళ్లు పారేది ఆ సందుల్లోనే కాబట్టి నిజంగా గింజల మధ్య ఉండేది నిమిషంన్నర పైచిలుకు మాత్రమే. బయటికొచ్చిన నీళ్లను టెస్ట్ చేయిస్తే 1.9 వచ్చింది. చాలదు. కుళాయి తిప్పి నిమిషానికి లీటరున్నరకు తగ్గించాను. అప్పుడు ఖాళీ గొట్టం లెక్కన పది నిమిషాలు, సందుల లెక్కన నాలుగు నిమిషాల పైన. "ఏందిరా నాన్నా, నీళ్లింత సన్నగా వస్తున్నాయి?" అంది అమ్మ. అయినా 1.4 దగ్గరే ఆగింది.

లెక్క సరిగ్గా ఉండి ఫలితం రాకపోతే నీళ్లు ఎక్కడో అడ్డదారి పడుతున్నట్టే. మూత తీసి, నీటిమట్టాన్ని గింజల దాకా దించి, ఒక గ్లాసు ఉప్పునీళ్లు పోసి కుళాయి తిప్పాను. కింద టీడీఎస్ పెన్ (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతున్నాయో చూపించేది) పెట్టి అర నిమిషానికోసారి రాసుకున్నాను. కొంత ఉప్పు గింజల లోపలి సన్న రంధ్రాల్లోకి కూడా దూరుతుంది కాబట్టి నాలుగు నిమిషాల కంటే ఇంకాస్త ఆలస్యంగా రావాలి. నిమిషంన్నరకే రీడింగ్ పెరగడం మొదలైంది! గింజలు ఒక పక్కకు వాలి, రెండో పక్క గోడ వెంట నీళ్లకు దారి పడింది. గొట్టం సన్నదై అలా జరిగిందనడానికి లేదు. గింజ సైజుకు కనీసం పదిరెట్ల వ్యాసం ఉండాలంటారు, మా గొట్టం అంతకు ఎన్నో రెట్లు వెడల్పు. తప్పు నింపడంలోనే ఉంది.

షాపుకి ఫోన్ చేస్తే మర్నాడే అదే అబ్బాయి వచ్చాడు, డబ్బు అడగలేదు. నా కాగితం చూసి విసుక్కోకుండా కూర్చుని విన్నాడు. గింజలన్నీ తీసి, గొట్టంలో సగం నీళ్లు పెట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ తట్టి సర్దాడు. కింది నుంచి నీళ్లు ఎక్కించి నలుసంతా కడిగేశాడు. పైన చిల్లుల పళ్లెం కూడా పెట్టాడు. మళ్లీ ఉప్పు పోస్తే మూడున్నర నిమిషాలు దాటాక కనిపించింది, ఐదో నిమిషం దగ్గర బాగా పెరిగింది. ఆ వారం ఫ్లోరైడ్ 0.6.

షాపులో గింజలు మూడేళ్లు వస్తాయన్నారు, అది మాత్రం నేను ఒప్పుకోను. మా దగ్గర ఉన్నది సుమారు పన్నెండున్నర కిలోలు. కిలోకి ఒక గ్రాము ఫ్లోరైడ్ పట్టుకుంటుందనుకున్నా, రోజుకి 20 లీటర్లు పట్టుకునే మాకు ఎనిమిది నెలలు వస్తే గొప్ప. తర్వాత కాస్టిక్ సోడాతో, ఆ పైన యాసిడ్‌తో కడిగితే మళ్లీ పనిచేస్తాయి కానీ ఆ పని ఇంట్లో పెట్టుకోకండి, షాపుకే ఇవ్వండి. ఇంకో మాట, టీడీఎస్ పెన్ ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు, దానికి వేరే కిట్ కావాలి. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

ఆరో నెలలో ఇప్పుడు 0.8 ఉంది. 20 లీటర్ల క్యాను నిండటానికి పావుగంట లోపే పడుతుంది, ఆ కాసేపట్లో అమ్మ పూలు కట్టుకుంటుంది. ఫిల్టర్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ అబ్బాయి పనికి ఐదుకి ఐదు. కుళాయిని ఎంతవరకు తిప్పాలో గుర్తు పెట్టి ఇవ్వమని షాపులో చెప్పి వచ్చాను. పోయిన నెల మా పక్కింటికి వచ్చిన ఫిల్టర్ కుళాయి మీద ఎర్ర గీత ఉంది. బకెట్ పెట్టి చూశాను, నిమిషానికి లీటరున్నర.